ఫియోలెతోవో: అర్మేనియాలో ఒక రష్యన్ పల్లె, దాని రెండు పేర్లు

అర్మేనియా ఉత్తర ప్రాంతమైన లోరిలో, వనాద్జోర్ పట్టణం నుంచి దిలిజాన్‌కు వెళ్లే కొండదారి పక్కన, అగ్‌స్తెవ్ నది ఎగువ లోయలో ఫియోలెతోవో అనే చిన్న పల్లె ఉంది. జనాభా వెయ్యిన్నరకు అటూ ఇటూ ఉంటుంది. దేశమంతా అర్మేనియన్ మాట్లాడుతుంటే ఈ ఊళ్లో ఇంటి భాష రష్యన్. మగవాళ్లు పెళ్లయ్యాక గడ్డం పెంచుతారు, ఆడవాళ్లు తలకు రుమాలు కట్టుకుంటారు, ఇంటింటా సమోవార్ అనే లోహపు పాత్రలో టీ కాగుతుంది. ఊరికి ప్రధానమైన పంట క్యాబేజీ. దాన్ని ఉప్పువేసి పీపాల్లో ఊరబెట్టి వనాద్జోర్, దిలిజాన్, యెరెవాన్ బజార్లలో అమ్ముతారు. వీళ్లు మొలొకాన్లు అనే రష్యన్ క్రైస్తవ శాఖకు చెందినవారు.

ఈ ఊరి పేరు దగ్గర చాలామంది పొరపడతారు. రష్యన్ కాస్త తెలిసినవారికి ఫియోలెతోవో అనగానే ఊదారంగు గుర్తుకొస్తుంది, ఎందుకంటే ఆ భాషలో ఊదారంగును ఫియోలెతోవీ అంటారు. వసంతంలో ఆ లోయలో పూసే పూల వల్ల ఊరికి ఆ పేరు వచ్చి ఉంటుందని ఊహించడం చాలా తేలిక. చరిత్ర తెలిసినవారు అది బాకు విప్లవకారుడి పేరని చెప్పి అక్కడితో ఆగిపోతారు. మొదటి జవాబు తప్పు, రెండోది నిజమే కానీ చాలదు. ఆ విప్లవకారుడి పేరు ఇక్కడికి రాకముందు ఊరికి తొంభై ఏళ్ల చరిత్ర ఉంది, దానికి వేరే పేరు ఉంది. ఆ పేరు నికితినో. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. సోవియట్ వ్యవస్థ కూలిపోయాక అర్మేనియా తన పటం మీద ఉన్న బోల్షెవిక్ నాయకుల పేర్లలో పెద్దవాటిని తుడిచేసింది. కిరోవకాన్ పోయింది, లెనినకాన్ పోయింది, కలీనినో పోయింది, అజీజ్‌బెకోవ్ పోయింది. వాటి మధ్య ఫియోలెతోవో ఎలా నిలిచింది? దీనికి జవాబు ఆ వ్యక్తి కీర్తిలో దొరకదు. ఆ పేరు ఏ భాషా రూపంలో ఉందో, ఆ ఊళ్లో ఎవరున్నారో చూస్తే దొరుకుతుంది.

ముందుగా ఊరివాళ్ల సంగతి. మొలొకాన్లను చాలామంది రష్యాలోని పాత విశ్వాసులతో కలిపేస్తారు, బహుశా గడ్డాలూ తలరుమాళ్లూ చూసి. కానీ ఈ రెండు శాఖలూ పూర్తిగా భిన్న దిశల్లో నడిచాయి. పదిహేడో శతాబ్దంలో చర్చి పూజావిధానాల్లో తెచ్చిన మార్పులను ఒప్పుకోక, పాత విధానాన్నే పట్టుకుని విడిపోయినవారు పాత విశ్వాసులు. వారికి ప్రతిమలూ సిలువ గుర్తూ ప్రాణప్రదమైనవి. మొలొకాన్లు ఆ పూజావిధానాన్నే కాదన్నారు. ప్రతిమలు వద్దు, సిలువ వద్దు, పూజారి వద్దు, నీటి బాప్తిస్మం వద్దు అన్నారు. ఒక ఇంట్లో బల్లలు వేసుకుని కూర్చుని బైబిల్ చదివి, కీర్తనలు గొంతెత్తి పాడితే అదే ఆరాధన. పాత నిబంధనలోని ఆహార నియమాలను పాటిస్తారు కాబట్టి పంది మాంసం ముట్టరు. తమను తాము ఆత్మసంబంధ క్రైస్తవులని పిలుచుకుంటారు.

ఈ శాఖ పద్దెనిమిదో శతాబ్దంలో మధ్య రష్యాలోని తాంబోవ్ ప్రాంతంలో బలపడింది. ఆ ప్రాంతపు దర్జీ సెమ్యోన్ ఉక్లెయిన్, దుఖోబోర్లు అనే మరో శాఖ నుంచి విడిపోయి వచ్చి బైబిల్‌కు మొదటి స్థానం ఇవ్వాలని బోధించాడు. మొలొకాన్ అన్న మాట చర్చి అధికారులు పెట్టిన ముద్ర. రష్యన్‌లో పాలను మొలొకో అంటారు. ఆర్థొడాక్స్ చర్చి ఉపవాస దినాల్లో పాలు నిషేధం, వీళ్లు ఆ నిషేధాన్ని లెక్కచేయకుండా పాలు తాగారు కాబట్టి పాలతాగుళ్లు అని ఎత్తిపొడిచారు. విశ్వాసులు ఆ మాటనే స్వీకరించి దానికి మరో అర్థం చెప్పుకున్నారు. పేతురు రాసిన మొదటి పత్రికలో నిర్మలమైన వాక్యమనే పాలను అపేక్షించమని ఉంది కదా, మేము తాగేది ఆ పాలు అన్నారు. ఎవరో అంటగట్టిన పేరును తమదిగా చేసుకోవడం వీళ్లకు అప్పటినుంచే అలవాటైందని నాకు తోస్తుంది. ఊరి పేరు విషయంలో కూడా తరవాత జరిగింది అదే.

తాంబోవ్ నుంచి కాకసస్ దాకా వీళ్లు ఎందుకు వచ్చారన్నది అర్థం కావాలంటే రెండు కారణాలను పక్కపక్కన పెట్టుకోవాలి. ఒకటి రాజ్యం తోసింది, రెండోది విశ్వాసం లాగింది. 1805లో జార్ మొదటి అలెగ్జాండర్ మొలొకాన్లకు ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చాడు. ఆ ఉత్తర్వును మొలొకాన్లు నేటికీ గౌరవంగా తలచుకుంటారు. ఆయన తరవాత గద్దెనెక్కిన మొదటి నికొలాయ్ ఆ దారిలో నడవలేదు. 1828లో తుర్కమన్‌చాయ్ సంధితో ఎరివాన్ (నేటి యెరెవాన్) ఖానేట్, అంటే ఖాన్ ఏలే సంస్థానం, ఇరాన్ నుంచి రష్యా చేతికి వచ్చింది. యుద్ధాలతో చితికిన ఆ కొత్త సరిహద్దు నేలలో రష్యన్ మాట్లాడే రైతులు ఉండాలని ప్రభుత్వం కోరుకుంది, మరోవైపు మధ్య రష్యాలోని ఆర్థొడాక్స్ పల్లెల నుంచి మతభ్రష్టులుగా ముద్రపడినవారిని దూరం చేయాలనీ కోరుకుంది. 1830 అక్టోబర్ 20 నాటి ఉత్తర్వు ఈ రెండు కోరికలనూ ఒకే దెబ్బతో తీర్చింది. అత్యంత హానికరమైనవిగా ప్రకటించిన శాఖలవారిని దక్షిణ కాకసస్‌కు తరలించమంది.

అయితే అందరూ సంకెళ్లతో రాలేదు. 1836లో క్రీస్తు వెయ్యేళ్ల పాలన మొదలవుతుందనీ, అందుకు అరారత్ పర్వతం పరిసరాలే వేదిక అనీ మొలొకాన్లలో చాలామంది గట్టిగా నమ్మారు. కొందరు ఉన్న ఆస్తి అమ్ముకుని బండ్లు కట్టుకుని తమంతట తాముగా దక్షిణానికి బయలుదేరారు. ప్రభుత్వం శిక్షగా చూపించిన దిక్కు వాళ్లకు వాగ్దత్త భూమి దిక్కుగా కనిపించింది. ఈ విషయం తెలియకపోతే కాకసస్‌లోని మొలొకాన్ పల్లెలను వట్టి ప్రవాస శిబిరాలుగా పొరబడతాం. చలి ఎక్కువైన ఎత్తు లోయల్లో, అడవి కొట్టి, చెక్క ఇళ్లు కట్టి, వాళ్లు ఇంత గట్టిగా వేళ్లూనుకోవడం వెనక ఆ నమ్మకం ఉంది. వచ్చినవాళ్లు వ్యవసాయంతో పాటు సరుకు రవాణాను కూడా చేతిలోకి తీసుకున్నారు. రైలు రాకముందు తిఫ్లిస్ (నేటి త్బిలిసి), ఎరివాన్ పట్టణాల మధ్య సరుకుల్లో పెద్ద భాగం మొలొకాన్ల నాలుగు చక్రాల బండ్ల మీదే నడిచింది.

1830ల నుంచి 1840ల దాకా నేటి అర్మేనియాలో ఇలాంటి పల్లెలు వరుసగా పుట్టాయి. లోరి మైదానంలో వొరొంత్సోవ్కా, సెవాన్ సరస్సు ఒడ్డున యెలెనోవ్కా, పంబాక్ కొండల మధ్య వోస్క్రెసెనోవ్కా, దాని దగ్గరే నికితినో. ఈ పేర్లను చూస్తే అవి ఎలా ఏర్పడ్డాయో తెలిసిపోతుంది. వొరొంత్సోవ్కా కాకసస్ రాజప్రతినిధి ప్రిన్స్ మిఖాయిల్ వొరొంత్సోవ్ పేరు. యెలెనోవ్కాలో ఉన్నది యెలెనా అనే ఆడపేరు. వోస్క్రెసెనోవ్కాలో క్రీస్తు పునరుత్థానాన్ని సూచించే మాట ఉంది, రష్యన్‌లో ఆదివారానికి కూడా అదే మాట. నికితినో మాత్రం ఇంకా సాదాసీదా పేరు. నికితా అనే మగపేరుకు చివర ఇనో చేర్చితే నికితాది, అంటే నికితా పల్లె అని అర్థం. రష్యా నిండా నికితినోలు ఎన్నో ఉన్నాయి. దిగివచ్చినవాళ్లు తమ వెంట తెచ్చుకున్న భాషలో, తాము వదిలివచ్చిన ఊళ్ల పేర్ల పద్ధతిలో, కొత్త నేలకు పేరు పెట్టుకున్నారు. పొరుగునే ఉన్న పల్లె అప్పట్లో హమ్జాచిమన్. చిమన్ అంటే పచ్చిక. ఆ ఊరిని ఇప్పుడు అర్మేనియన్‌లో మర్గాహోవిత్ అంటున్నారు, అంటే పచ్చికలోయ. ఒకే లోయలో రెండు మైళ్ల తేడాతో మూడు భాషల పేర్లు ఒరుసుకుంటూ బతికాయి.

నికితినో పేరు ఆ లోయ దాటి చాలా దూరం వెళ్లింది. దానికి కారణం మక్సీమ్ రుదొమెత్కిన్. మొలొకాన్లలో 1830ల నుంచే ఒక చీలిక మొదలైంది. బైబిల్ పఠనం, కీర్తనలు, క్రమబద్ధమైన సభ చాలు అన్నవారు స్థిరులుగా మిగిలారు. పవిత్రాత్మ దిగివచ్చినప్పుడు శరీరం ఆగదు, చేతులెత్తి గెంతుతుంది, నోటి వెంట తెలియని భాషలు వస్తాయి అన్నవారిని ప్రిగునీ, అంటే గెంతేవారు అని పిలిచారు. నికితినోవాసి రుదొమెత్కిన్ ఈ రెండో వర్గానికి నాయకుడయ్యాడు. 1857లో ఆయన అనుచరులు ఆయనను ఆత్మల రాజుగా ప్రకటించారు. ఒక మారుమూల పల్లెలో ఒక రైతు తలకు కిరీటం పెట్టుకోవడాన్ని జార్ ప్రభుత్వం మతవిషయంగా చూడలేదు, రాజద్రోహంగా చూసింది. 1858లో ఆయనను అరెస్టు చేసి ఉత్తరాన తెల్ల సముద్రంలోని సొలొవెత్స్కీ మఠంలో ఖైదు చేశారు. తరవాత సుజ్దల్ మఠపు చెరసాలకు మార్చారు. 1877లో ఆయన అక్కడే చనిపోయాడు. దాదాపు రెండు దశాబ్దాల ఒంటరి ఖైదులో ఆయన చిన్న చిన్న కాగితాల మీద దర్శనాలూ ప్రార్థనలూ రాశాడు. అవి రహస్యంగా బయటికి చేరి, చేతిరాత ప్రతులుగా ఇంటింటా తిరిగి, చివరికి అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లో అచ్చయ్యాయి. మక్సీమ్ బాటలో నడిచేవారు బైబిల్ పక్కనే ఆ గ్రంథాన్ని ఉంచుతారు. ఫియోలెతోవోలో ఈ వర్గానిదే పైచేయి.

లాస్ ఏంజెలెస్ ఈ కథలోకి ఎలా వచ్చిందన్న సందేహం పాఠకుడికి సహజం. 1887లో దక్షిణ కాకసస్‌కు కూడా నిర్బంధ సైనిక సేవ వచ్చింది. ఆయుధం పట్టడం పాపమని నమ్మేవారికి ఇది చావుబతుకుల సమస్య. 1895లో కాకసస్‌లోని దుఖోబోర్లు తమ ఆయుధాలను కుప్పపోసి తగలబెట్టారు, ఆ తరవాత వేలమంది కెనడాకు వెళ్లిపోయారు. మొలొకాన్లలో గెంతేవారి వర్గం కూడా 1904 నుంచి కొన్నేళ్ల పాటు గుంపులు గుంపులుగా కాలిఫోర్నియాకు ఓడలెక్కింది. వెళ్లినవాళ్లు లాస్ ఏంజెలెస్‌లోని బాయిల్ హైట్స్ ప్రాంతంలో ఒక చిన్న రష్యన్ పేటనే నిర్మించుకున్నారు. వాళ్లు సొంత ఊరు వదిలేనాటికి అది నికితినో. ఆ కుటుంబాల వంశవృక్షాల్లో, ప్రార్థనా గ్రంథాల్లో, పెద్దవాళ్ల జ్ఞాపకాల్లో ఆ ఊరు నికితినోగానే ఉంది. ఫియోలెతోవో అనే పేరు పుట్టకముందే వాళ్లు సముద్రం దాటారు.

ఇక రెండో పేరు మోసిన మనిషి కథ. ఇవాన్ ఫియోలెతోవ్ 1884లో తాంబోవ్ ప్రాంతంలోనే పుట్టాడు. మొలొకాన్ల శాఖ ఊపిరి పోసుకున్న ప్రాంతమే ఆయన పుట్టిన ప్రాంతం కావడం యాదృచ్ఛికమే అయినా గమనించదగ్గది. బాల్యంలోనే ఆయన కాస్పియన్ ఒడ్డునున్న బాకు చమురు బావుల దగ్గరికి చేరాడు, కార్మికుడయ్యాడు, విప్లవోద్యమంలోకి వచ్చి చమురు కార్మికుల సంఘంలో నాయకుడయ్యాడు. 1918 ఏప్రిల్‌లో స్తెపాన్ షాహుమ్యాన్ నాయకత్వంలో బాకులో ఏర్పడిన బోల్షెవిక్ పాలనలో జాతీయ ఆర్థిక వ్యవహారాల కమిసార్, అంటే మంత్రి, ఆయనే. ఆ పాలన నాలుగు నెలలు కూడా నిలవలేదు. జూలై చివరికి అధికారం కోల్పోయి, ఖైదుకు వెళ్లి, సెప్టెంబర్ మధ్యలో ఒట్టోమన్ సైన్యం బాకులోకి ప్రవేశిస్తుండగా వాళ్లు ఓడలో కాస్పియన్ దాటారు. ఓడ చేరింది విరోధుల చేతిలో ఉన్న క్రాస్నొవొద్స్క్ రేవుకు. 1918 సెప్టెంబర్ 20న, నేటి తుర్కమెనిస్తాన్ ఎడారిలో, రైలు మార్గం పక్కన 26 మందిని కాల్చి చంపారు. అందరూ పదవి రీత్యా కమిసార్లు కాకపోయినా, బాకు 26 కమిసార్లు అనే పేరు సోవియట్ చరిత్రలో స్థిరపడిపోయింది. 1920లో మృతదేహాలను బాకు తెచ్చి నగరం నడిబొడ్డున ఖననం చేశారు.

ఆ 26 మందిలో నలుగురి పేర్లు మిగిలినవారికన్నా ఎక్కువగా వినిపించాయి. షాహుమ్యాన్ అర్మేనియన్, మెషదీ అజీజ్‌బెకోవ్ అజర్‌బైజానీ, ప్రొకోఫీ జపరీద్జె జార్జియన్, ఫియోలెతోవ్ రష్యన్. జాతుల మధ్య నెత్తురు పారిన కాకసస్‌లో, నాలుగు జాతులవాళ్లు ఒకే ఆశయం కోసం ఒకే చోట ప్రాణాలిచ్చారని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ సోవియట్ ప్రభుత్వానికి దొరకదు. అందుకే ఈ పేర్లను రిపబ్లిక్‌ల హద్దులు దాటించి పంచారు. అజర్‌బైజానీ విప్లవకారుడి పేరు అర్మేనియా ఊరికి, అర్మేనియన్ విప్లవకారుడి పేరు అజర్‌బైజాన్‌లోని నగరానికి. కరబఖ్‌లోని ఖాన్‌కెందీ 1923లో స్తెపానకెర్త్ అయింది. లోరిలోని జలాలొగ్లి స్తెపానవాన్ అయింది. దక్షిణ అర్మేనియాలోని సొయ్‌లాన్ 1956లో అజీజ్‌బెకోవ్ అయింది. రష్యన్లు నివసించే నికితినోకు 1936లో ఫియోలెతోవో అని పేరు పెట్టారు. ఫియోలెతోవ్ బతికింది బాకు బావుల మధ్య, ఈ క్యాబేజీ పొలాల మధ్య కాదు. ఊరివాళ్లూ ఆయనా రష్యన్లే కావడం తప్ప ఈ నామకరణానికి మరో ఆధారం అక్కరలేకపోయింది. ఊదారంగు సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఆ ఇంటిపేరు మూలంలో రంగు మాట ఉంది, ఊరి పేరులో ఇంటిపేరు ఉంది. ఊరికీ రంగుకూ నేరుగా సంబంధం లేదు.

1936 ఒంటరి ఘటన కాదు. దానికి ముందు ఏడాది అర్మేనియా పటం మీద పెద్ద ఊడ్పు జరిగింది. 1934 డిసెంబర్‌లో సెర్గేయ్ కిరోవ్ లెనిన్‌గ్రాద్‌లో హత్యకు గురయ్యాక, 1935లో ఘరకిలిసా పట్టణానికి కిరోవకాన్ అనే పేరు వచ్చింది. అదే ఏడు రాజప్రతినిధి పేరు మోసిన వొరొంత్సోవ్కా కలీనినో అయింది, యెలెనోవ్కా సెవాన్ అయింది. వోస్క్రెసెనోవ్కాలో ఉన్న పునరుత్థానం కూడా చెరిగిపోయి, దాని స్థానంలో కాకసస్‌లో సైనికాధికారిగా పనిచేసిన రష్యన్ కవి మిఖాయిల్ లెర్మొంతోవ్ పేరుతో లెర్మొంతోవో వచ్చింది. నేడు అర్మేనియాలో మొలొకాన్లే అత్యధికంగా ఉన్న రెండు పల్లెలు ఈ ఫియోలెతోవో, లెర్మొంతోవోలే. ఒక ఊరికి బోల్షెవిక్, మరో ఊరికి కవి. దైవభక్తి తప్ప మరొకటి ఎరగని రెండు ఊళ్లకు మతంతో ఏ సంబంధమూ లేని రెండు పేర్లు. నికితినో పేరుకు రుదొమెత్కిన్ జ్ఞాపకం అంటిపెట్టుకుని ఉంది కాబట్టి, ఉద్దేశం ఏదైనా ఫలితం మాత్రం ఒకటే. అధికార పత్రాల్లో ఆ మతచరిత్రకూ ఊరికీ మధ్య ఉన్న దారం తెగిపోయింది.

ఇప్పుడు అసలు చిక్కుముడి. 1990ల మొదట్లో స్వతంత్ర అర్మేనియా పేర్లు మార్చడం మొదలుపెట్టినప్పుడు లెనినకాన్ గ్యుమ్రీగా, కిరోవకాన్ వనాద్జోర్‌గా, కలీనినో ప్రాచీన లోరిలోని తాషిర్ పేరుతో తాషిర్‌గా మారాయి. అజర్‌బైజాన్‌తో కరబఖ్ యుద్ధం నడుస్తున్న కాలంలో అజర్‌బైజానీ విప్లవకారుడి పేరు పట్టణం మీద ఉంచడం ఎవరికీ ఇష్టం లేకపోయింది, 1994లో అజీజ్‌బెకోవ్ వాయ్క్ అయింది. స్తెపానవాన్ మాత్రం అలాగే ఉంది. షాహుమ్యాన్ బోల్షెవిక్ అయినా అర్మేనియన్, పైగా అవాన్ అంటే అర్మేనియన్‌లో పెద్ద ఊరు, కాబట్టి పేరు చెవికి పరాయిగా అనిపించదు. బాకు కమిసార్ల నలుగురిలో ఈ ముగ్గురి పేర్లకు మూడు గతులు పట్టాయి. అర్మేనియన్ పేరు జాతి కారణంగా నిలిచింది, అజర్‌బైజానీ పేరు జాతి కారణంగానే పోయింది. రష్యన్ పేరు ఎందుకు నిలిచింది?

రష్యా మీద గౌరవం వల్ల అని చెబితే సరిపోదు. కిరోవ్ కూడా రష్యనే, కలీనిన్ కూడా రష్యనే, వాళ్ల పేర్లు పోయాయి. భాషా నిర్మాణం దగ్గరికి వెళితే తేడా తెలుస్తుంది. కిరోవకాన్, లెనినకాన్ అనే పేర్లలో రష్యన్ వ్యక్తి నామానికి అర్మేనియన్ ప్రత్యయం అతికించి ఉంది. ఆ అతుకు దూరం నుంచే కనిపిస్తుంది. ఇది పార్టీ పెట్టిన పేరని ఆ మాట తనంతట తానే చెబుతుంది. ఫియోలెతోవో అలా కాదు. ఓవో, ఇనో, ఓవ్కా అనేవి రష్యన్ పల్లెలకు శతాబ్దాలుగా ఉన్న ముగింపులు. ఫియోలెతోవ్ అన్న ఇంటిపేరుకు చివర ఒక్క ఓకారం చేరిస్తే చాలు, అది సహజమైన పల్లె పేరైపోతుంది. లెర్మొంతోవ్ విషయమూ అంతే. ఆ ప్రాంతంలోనే సరతోవ్కా, పెత్రోవ్కా, మెదోవ్కా, ప్రివోల్నొయె అనే పల్లెలు ఉన్నాయి. వాటిలో ఏ విప్లవకారుడూ లేడు, వాటి జోలికి స్వతంత్ర అర్మేనియా పోలేదు. ఆ గుంపులో నిలబడితే ఫియోలెతోవో కూడా పాత రష్యన్ పల్లెలాగే కనిపిస్తుంది. బోల్షెవిక్ పేరు తన వ్యాకరణంలోనే దాక్కుంది అనవచ్చు. ఈ కారణాన్నే నేను అన్నిటికన్నా బలమైనదిగా చూస్తాను.

కలీనినో కూడా ఓకారంతోనే ముగుస్తుంది కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన అభ్యంతరమే. ఇక్కడ రెండు విషయాలు తోడవుతాయి. కలీనినో పల్లె కాదు, ఒక జిల్లాకు కేంద్రమైన పట్టణం. రాజధాని దృష్టి ముందుగా పట్టణాల మీదే పడుతుంది. రెండోది, కలీనిన్ సోవియట్ దేశానికి నామమాత్రపు అధినేతగా ప్రతి ఒక్కరికీ తెలిసిన మనిషి, ఆ పేరు విన్నవెంటనే గుర్తుపడతారు. ఫియోలెతోవ్ బాకు బయట అంత తెలిసినవాడు కాదు. తెలియని మనిషి పేరు మీద ఎవరికీ కోపం రాదు. వీటన్నిటికన్నా ముఖ్యంగా, తాషిర్‌లో ఒకప్పటి మొలొకాన్లలో చాలామంది వెళ్లిపోయి, అర్మేనియన్లే ఎక్కువగా మిగిలారు. సెవాన్ సంగతీ అంతే. మాట్లాడేవారు మారిన చోట పేరు మార్చమని అడిగే గొంతు సహజంగా లేస్తుంది. ఫియోలెతోవోలో మాట్లాడేవాళ్లు మారలేదు. అర్మేనియన్ పేరు కావాలని అడగడానికి ఊళ్లో అర్మేనియన్ ఇంటిభాషగా ఉన్నవాళ్లు దాదాపు లేరు, నికితినో తిరిగి కావాలని పట్టుబట్టే రాజకీయ ఆసక్తి మొలొకాన్లకు లేదు. లోకవ్యవహారాల్లో, ప్రభుత్వ వ్యవహారాల్లో తలదూర్చకుండా బతకడమే వాళ్లకు తరతరాలుగా వచ్చిన పద్ధతి.

మాట్లాడేవాళ్లు మారినా పేరు మిగిలిన ఊరు ఒకటి ఈ వాదానికి హద్దు చూపిస్తుంది. దిలిజాన్ నుంచి సెవాన్ వెళ్లే కనుమ దగ్గర మొలొకాన్లు స్థాపించిన సెమ్యోనోవ్కా పల్లె ఇప్పటికీ ఆ పేరుతోనే ఉంది. చిన్న పల్లెల రష్యన్ పేర్లను అర్మేనియా ప్రభుత్వం సాధారణంగా వదిలేసింది, ఆ భాషతో దానికి పోరు లేదు. సోవియట్ కాలంలోనూ ఆ తరవాతా ఎక్కువగా మారినవి తుర్కిక్ మూలం ఉన్న పేర్లు. పొరుగున ఉన్న హమ్జాచిమన్ మర్గాహోవిత్ కావడం ఆ పెద్ద ప్రవాహంలో ఒక అల. కాబట్టి ఫియోలెతోవో నిలవడాన్ని ఒక పల్లె అదృష్టంగా కాక, పేర్ల మార్పిడిలో ఎవరి గుర్తులు తుడవాలి, ఎవరివి ఉంచవచ్చు అన్న ఒక ఎంపికలో భాగంగా చూడాలి. ఆ ఎంపికకు జాతి ప్రధాన కొలమానం, సిద్ధాంతం రెండోది.

సరిహద్దు అవతల అజర్‌బైజాన్‌లోనూ ఈ తేడా కనిపిస్తుంది. ఇస్మయిల్లి జిల్లాలోని మొలొకాన్ పల్లె ఇవానోవ్కా తన రష్యన్ పేరును, సోవియట్ కాలపు సామూహిక వ్యవసాయ క్షేత్రాన్ని కూడా నిలుపుకుంది. కానీ బాకు నడిబొడ్డున ఉన్న 26 కమిసార్ల స్మారకాన్ని 2009 జనవరిలో కూల్చేసి, అవశేషాలను నగర శివార్లలోని హొవ్సాన్ శ్మశానంలో పూడ్చిపెట్టారు. ఫియోలెతోవ్ ఏ నగరం కోసం బతికాడో ఆ నగరంలో ఆయన గుర్తులు కనుమరుగవుతుంటే, ఆయన ఎన్నడూ కాపురం చేయని కొండలోయలో ఆయన ఇంటిపేరు రోజూ పలుకుతున్నారు. పలికేవాళ్లలో చాలామందికి అది ఒక మనిషి పేరని తోచదు, ఊరి పేరుగానే తెలుసు.

ఊరికి ఇప్పుడున్న సమస్య పేరు కాదు, మనుషులు. మగవాళ్లు పని కోసం రష్యాకు వెళ్లి నెలల తరబడి ఉండిపోతున్నారు. 2006లో విదేశాల్లోని స్వజనులను స్వచ్ఛందంగా తిరిగి రప్పించే పథకాన్ని రష్యా ప్రారంభించాక, కొన్ని మొలొకాన్ కుటుంబాలు తమ పూర్వీకులు వదిలిన నేల వైపు తరలాయి. పాతరోజుల దక్షిణ రష్యా యాసతో, మధ్యమధ్య దొర్లే అర్మేనియన్ మాటలతో కూడిన వాళ్ల రష్యన్‌ను అక్కడివాళ్లు వింతగా వింటారు. ఉన్నవాళ్లు మాత్రం ఆదివారం సభ, క్యాబేజీ పీపాలు, పెళ్లిళ్లలో గంటలకొద్దీ సాగే కీర్తనలు వదలలేదు.

ఈ ఊరి గురించి పాత పత్రాల్లో వెతికేవారికి ఒక జాగ్రత్త అవసరం. 1936కు ముందు రాసిన చర్చి విచారణ నివేదికలు, జార్ కాలపు గణాంకాలు, కాలిఫోర్నియా వలసదారుల కాగితాలు అన్నీ నికితినో అనే అంటాయి. ఆ తరవాతి సోవియట్, అర్మేనియన్ పటాల్లో అది ఫియోలెతోవో. రష్యాలో నికితినోలు అనేకం ఉన్నాయి కాబట్టి పేరు ఒక్కటీ చూసి నిర్ణయానికి రాకూడదు. దాని పక్కన దిలిజాన్, ఘరకిలిసా, హమ్జాచిమన్, వోస్క్రెసెనోవ్కాలలో ఏదో ఒకటి కనిపిస్తేనే అది రుదొమెత్కిన్ ఊరని నమ్మవచ్చు. లెర్మొంతోవో పాత చరిత్రకు కూడా ఇదే మార్గం, ఆ ఊరిని వోస్క్రెసెనోవ్కా అన్న పేరు కిందే వెతకాలి.